ఒమన్‌లో కారు మైలేజీ: వేగం, ఎండ, పోషణ

లీటరు ఇంధనంతో బండి ఎంత దూరం నడుస్తుందో దాన్నే మైలేజీ అంటాం. తెలుగువారికి అలవాటైన కొలత లీటరుకు ఇన్ని కిలోమీటర్లు. ఒమన్‌లో అమ్మే చాలా కార్ల డాష్‌బోర్డు మాత్రం వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు అని చూపిస్తుంది. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారు వంద కిలోమీటర్లకు సుమారు 6.7 లీటర్లు తాగుతుంది, 10 కి.మీ. ఇచ్చేది 10 లీటర్లు తాగుతుంది. పొదుపు గురించి ఆలోచించేవారికి ఈ రెండో కొలతే ఎక్కువ ఉపయోగం. పెద్ద ఎస్‌యూవీ మైలేజీ 8 నుంచి 10కి పెరిగితే వంద కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు మిగులుతాయి. చిన్న కారు మైలేజీ 15 నుంచి 17కి పెరిగితే మిగిలేది లీటరులో నాలుగింట మూడొంతులే. పెరుగుదల రెండు చోట్లా రెండు కిలోమీటర్లే అయినా ఆదా ఒకటి కాదు. ల్యాండ్ క్రూయిజర్లు, ప్రాడోలు, హైలక్స్ పికప్‌లు ఇన్ని తిరిగే దేశంలో, ‘నా బండి ఎలాగూ తాగుతుంది, దానికి లెక్కలెందుకు’ అనుకునే పెద్ద బండి యజమానికే ఈ లెక్కతో ఎక్కువ లాభం.

చమురు పండే దేశంలో పెట్రోలు పొదుపు దేనికన్నది మొదట వచ్చే అభ్యంతరం. 2015 దాకా ఆ మాటలో బలం ఉండేది. అప్పుడు సూపర్ పెట్రోలు లీటరు 120 బైసాలు, రియాలులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ. చమురు ధర పడిపోయి ఖజానా ఆదాయం తగ్గడంతో 2016 జనవరి నుంచి ఒమన్ ప్రభుత్వం సబ్సిడీ తీసేసి, ధరలను నెలనెలా అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి నిర్ణయించడం మొదలుపెట్టింది. మొదటి నెలలోనే సూపర్ 160 బైసాలకు చేరింది. ధర హెచ్చుతగ్గులతో పెరిగి, 2021 నవంబరులో సుల్తాన్ హైతమ్ ఆదేశంతో ఆ అక్టోబరు సగటు దగ్గర ఆగింది: ఎం-91 రకం 229 బైసాలు, ఎం-95 (సూపర్) రకం 239, డీజిల్ 258. ఆ పరిమితిని తర్వాతి సంవత్సరాలకూ పొడిగించారు. ఆరేళ్లలో ధర దాదాపు రెట్టింపయిందన్నమాట. తక్కువ ఆదాయం ఉన్న ఒమనీ పౌరులకు ప్రత్యేక సబ్సిడీ ఉంది. పరాయి దేశం నుంచి వచ్చి పనిచేసుకునేవారికి అది వర్తించదు. నెలకు 1,500 కి.మీ. తిరిగి, వందకు 9 లీటర్లు తాగే కారుకు ఆ పరిమితి ధరకు ఎం-95 పోయిస్తే అయ్యే ఖర్చు సుమారు 32 రియాళ్లు. 2015 ధరకు అది 16 రియాళ్లే. ఇందులో ఆరో వంతు మిగిలినా ఏడాదికి అరవై రియాళ్లకు పైమాట. పెద్ద ఉద్యోగికి అది లెక్కలోది కాకపోవచ్చు. ఇంటికి నెలనెలా డబ్బు పంపుతూ పాత కారుతో నెట్టుకొచ్చే చిరుద్యోగికి మాత్రం అది లెక్కే.

ఒమన్‌లో మైలేజీని మింగేవాటిలో మొదటిది వేగం, రెండోది ఎండ. చాలామంది భారతీయులు పాటించే పొదుపు సూత్రాలు ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కావు. 1978లో ఏర్పడిన భారత పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం దశాబ్దాలుగా గంటకు 45 నుంచి 55 కి.మీ. వేగంతో వెళ్లమని, సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆపమని, క్లచ్ మీద కాలు ఆనించి ఉంచవద్దని చెబుతూ వచ్చింది. రద్దీ రోడ్లకు, మాన్యువల్ గేర్లకు అవి సరైన మాటలే. మస్కట్‌లో తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆటోమేటిక్. వాటి దూరంలో పెద్ద భాగం 100, 120 పరిమితి ఉన్న విశాలమైన రోడ్ల మీద గడుస్తుంది. ఏసీ ఏడాదిలో చాలా నెలలు ఆగదు. హైదరాబాదులోనో విజయవాడలోనో పనికొచ్చిన అలవాటును ఇక్కడికి తెచ్చుకునే ముందు, అది ఎందుకు పనికొచ్చిందో చూసుకోవాలి. కారణం ఇక్కడ లేనప్పుడు ఆ అలవాటుతో ఆదా ఉండదు, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

ముందుగా వేగం సంగతి. కదిలే కారును రెండు ముఖ్యమైన బలాలు వెనక్కి లాగుతాయి. టైర్లు రోడ్డుతో పడే రాపిడి వేగంతో పెద్దగా మారదు. గాలి అడ్డు మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపయితే అడ్డు నాలుగు రెట్లు. 100 నుంచి 120కి వెళ్లడమంటే వేగంలో ఐదో వంతు పెంపు, గాలి అడ్డులో 44 శాతం పెంపు. 1,300 కిలోల మామూలు సెడాన్‌ను తీసుకుని వేసవి గాలి సాంద్రతతో లెక్క కడితే, 100 దగ్గర గాలి సుమారు 280 న్యూటన్ల బలంతో అడ్డుకుంటుంది, 120 దగ్గర సుమారు 400తో. టైర్ల రాపిడి రెండుచోట్లా 130 దరిదాపుల్లోనే ఉంటుంది. మొత్తంగా ప్రతి కిలోమీటరుకూ చక్రాలకు అందించాల్సిన శక్తి దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఎక్కువ భారం పడినప్పుడు ఇంజిన్ కొంచెం మెరుగైన సామర్థ్యంతో పనిచేస్తుంది కాబట్టి పెట్రోలు అంత పెరగదు, అయినా పెరుగుదల చిన్నది కాదు. డబ్బాలాగా నిటారుగా ఉండే ఎస్‌యూవీలో గాలి అడ్డు ఇంకా ఎక్కువ, అందువల్ల వేగానికి అది చెల్లించే మూల్యమూ ఎక్కువే. అమెరికా ఇంధన శాఖ కూడా గంటకు 80 కి.మీ. దాటాక మైలేజీ వేగంగా పడిపోతుందని చెబుతుంది. బాతినా ఎక్స్‌ప్రెస్‌వే మీద సోహార్ వైపు వెళ్లే కారు, 120కి బదులు 105 దగ్గర నిలకడగా నడిస్తే, ఏ గ్యారేజీ ఇవ్వలేని లాభాన్ని ఒక్క రియాలు ఖర్చు లేకుండా పొందుతుంది.

గాలి అడ్డును లెక్కించేటప్పుడు చూడవలసింది రోడ్డు మీద వేగం కాదు, గాలిలోకి దూసుకుపోయే వేగం. ఇది సలాలా ప్రయాణంలో బాగా తెలుస్తుంది. మస్కట్ నుంచి ఆదమ్, హైమా, తుమ్రైత్ మీదుగా సలాలాకు సుమారు వెయ్యి కిలోమీటర్లు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ (అక్కడి వానాకాలం) చినుకుల కోసం దేశమంతా ఆ దారి పడుతుంది. ఆ నెలల్లోనే నైరుతి గాలులు జిద్దత్ అల్ హరాసిస్ మైదానం మీద అడ్డూ ఆపూ లేకుండా వీస్తాయి. నైరుతి దిశగా వెళ్లే కారుకు అవి ఎదురుగాలులు. గంటకు 20 కి.మీ. ఎదురుగాలిలో 100 వేగంతో వెళ్లే కారు, గాలి అడ్డు వరకు చూస్తే, 120తో వెళ్తున్నట్టే. 120తో వెళ్లేది 140తో వెళ్తున్నట్టు. పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ మైలేజీ కనబడితే బండిలో లోపం వెతకనక్కర్లేదు. బంకుల మధ్య దూరాలు ఎక్కువగా ఉండే ఆ దారిలో మైలేజీ అంటే డబ్బు ఒక్కటే కాదు, ఎడారి మధ్యలో ఆగిపోకుండా తరువాతి బంకు చేరడం కూడా. ఎదురుగాలి బలంగా ఉన్నప్పుడు వేగం పదీ పదిహేను తగ్గించుకుని, ట్యాంకు సగానికి రాగానే నింపుకోవడం వివేకం.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండూ గట్టివే. ఒకటి సమయం. మస్కట్ నుంచి సోహార్‌కు సుమారు 200 కి.మీ. 120తో వెళితే గంటా నలభై నిమిషాలు, 105తో వెళితే ఇంకో పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాలకు దక్కేది పెట్రోలులో పదో వంతుకు పైగా ఆదా. సలాలా దూరానికి తేడా గంట దాటుతుంది. అలసట కూడా ప్రమాదమే కాబట్టి, అక్కడ నిర్ణయం ఎవరికి వారు తీసుకోవాల్సిందే. అందరూ 90తో వెళ్లాలని శాసించడం సరికాదు. అమెరికా 1974లో చమురు కొరత వల్ల దేశమంతా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టింది. ఖాళీ రహదారుల మీద జనం దాన్ని మనసారా పాటించలేదు, చివరికి 1995లో ఎత్తేశారు. రెండో అభ్యంతరం భద్రత: అందరూ 120తో దూసుకుపోయే రోడ్డులో నెమ్మదిగా వెళ్లడం ప్రమాదం కాదా? ఎడమ వరుసలో అయితే ప్రమాదమే. ఒమన్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, దాటివెళ్లేవారిది ఎడమ వరుస. కుడి వరుసలో లారీలు, బస్సులు వెళ్లే వేగానికి కాస్త పైన, 100 చుట్టుపక్కల, నిలకడగా సాగే కారు ఎవరికీ అడ్డు కాదు. పైగా ఈ దేశంలో 2012లో వెయ్యి మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ఆ తర్వాత కెమెరాలు, జరిమానాలు, కఠినమైన చట్టం వచ్చాక మరణాలు బాగా తగ్గాయి. వేగం తగ్గించమని పెట్రోలు కోసం చెప్పినా ప్రాణం కోసం చెప్పినా చేయవలసిన పని ఒక్కటే. ఈ వ్యాసంలోని సలహాలన్నింటిలో నిస్సంకోచంగా మొదట నిలపదగినది అదే.

ఎండ సంగతి ఇంత సూటిగా ఉండదు. 2018 జూన్ 26న మస్కట్‌కు దగ్గరలోని ఖురియాత్‌లో ఇరవై నాలుగు గంటల కనిష్ఠ ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలు నమోదైంది. రాత్రి కూడా అంతకన్నా చల్లబడలేదు. ఇలాంటి చోట ఏసీ ఆపి పెట్రోలు మిగుల్చుకోమని చెప్పడం అన్యాయం. వేడికి తూలిపోయే డ్రైవరు తనకూ ఇతరులకూ ప్రమాదం. చేయగలిగింది ఏసీ మీద పడే భారాన్ని తగ్గించడం. ఎండలో నిలిపిన కారు లోపలి గాలి బయటి కన్నా ఎంతో వేడెక్కుతుంది, డాష్‌బోర్డు, సీట్లు ఇంకా ఎక్కువ. ఆ వేడినంతా బయటికి తోడేయడానికి మొదటి పది నిమిషాల్లో ఏసీ కంప్రెసర్ తన శక్తికొద్దీ పనిచేస్తుంది. అమెరికా ఇంధన శాఖ లెక్కల ప్రకారం మండుటెండలో, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో, ఏసీ మైలేజీని పాతిక శాతానికి పైగా తగ్గించగలదు. మస్కట్‌లోని రువీలో ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లే కారుది సరిగ్గా ఈ పరిస్థితే: లోపల చల్లబడేసరికి ప్రయాణం అయిపోతుంది. అందుకే నీడన నిలపడం, అద్దం వెనక వెండి రంగు అట్ట పెట్టడం, ఎక్కగానే కిటికీలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి వేడి గాలిని బయటికి పంపడం, ఆ తర్వాత అద్దాలు ఎత్తి లోపలి గాలినే తిప్పే మీట నొక్కడం, ఇవన్నీ నిజంగా పనిచేసే ఉపాయాలు. గల్ఫ్‌లో తెల్ల కార్లు ఎక్కువగా కనబడడానికీ కారణం ఉంది. 2011లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఒకే రకమైన నల్ల, వెండి రంగు కార్లను ఎండలో నిలిపి చూస్తే, లేత రంగు కారులో గాలి ఐదారు డిగ్రీలు తక్కువ వేడెక్కింది.

ఏసీ వల్ల వచ్చే ఇంకో పర్యవసానం అంతగా ఎవరి దృష్టికీ రాదు. ఏసీ తినే శక్తికి దూరంతో సంబంధం లేదు, కాలంతో ఉంది. ఏసీ 3 కిలోవాట్లు లాగుతోందనుకుంటే, 50 వేగంతో వెళ్లే కారు ప్రతి కిలోమీటరుకూ 60 వాట్-గంటలు దానికే పెడుతుంది, 100తో వెళ్లేది 30. మరీ నెమ్మదిగా వెళితే గాలి అడ్డులో మిగిలింది ఏసీకి పోతుంది. అందువల్ల ఒమన్ వేసవిలో అన్నిటికన్నా పొదుపైన వేగం, చలికాలంలో కన్నా, మన దేశంలో చెప్పే 45–55 కన్నా కొంచెం పైన, 60–80 మధ్య ఉంటుంది. అక్కడ ఒక పది అటూ ఇటూ అయినా తేడా స్వల్పం. మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే మీద యాభైతో పాకడంలో పుణ్యమూ లేదు, పురుషార్థమూ లేదు. అద్దాలు దించుకుని ఏసీ ఆపడం మేలా అన్న పాత ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. వీధుల్లో నెమ్మదిగా, చల్లని జనవరి సాయంత్రం వెళ్తుంటే మేలే. హైవే వేగంలో తెరిచిన కిటికీలు గాలి అడ్డును పెంచుతాయి, లోపలికి వచ్చేది వడగాలి. ఖరీఫ్ కాలంలో తుమ్రైత్ దాటి సలాలా కొండల మంచులోకి దిగాక మాత్రం ఏసీకి సెలవివ్వవచ్చు, అద్దాల మీద ఆవిరి పట్టనంతవరకు.

నిలబడి ఉన్న బండి తాగే పెట్రోలు మరో పద్దు. ఇక్కడి వాడుకలో అది పెద్దది కూడా. కాఫీ షాపు ముందు బండి ఆపి హారన్ కొడితే కుర్రాడు వచ్చి కరక్ చాయ్ ఆర్డరు తీసుకుంటాడు, కారు దిగే పనే లేదు. బడి ముందు, హైపర్‌మార్కెట్ ముందు, గాలా పారిశ్రామికవాడలో కార్ఖానాల ముందు ఏసీ కోసం ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. నిలిచి ఉన్న బండి ఇంజిన్, దాని పరిమాణాన్ని బట్టి, గంటకు సుమారు ఒకటి నుంచి రెండు లీటర్లు తాగుతుంది, కదిలే దూరం సున్నా. రోజూ అరగంట ఇలా గడిచే బండికి ఏ సర్వీసింగూ మైలేజీ తెచ్చిపెట్టలేదు. పది సెకన్లకు మించి ఆగాల్సివస్తే ఆపి మళ్లీ స్టార్టు చేయడమే తక్కువ ఖర్చని పరీక్షల్లో తేలింది, అయితే ఒక షరతు మరవకూడదు. కారులో పిల్లలు, వృద్ధులు ఉన్నప్పుడు ఒమన్ ఎండలో ఇంజిన్ ఆపి కూర్చోబెట్టడం ప్రాణాంతకం. అక్కడ పొదుపు మార్గం వాళ్లను కూడా దింపి నీడలోకి, ఏసీ ఉన్న గదిలోకి తీసుకెళ్లడమే. పొద్దున్నే ఇంజిన్‌ను వేడి చేయాలని ఐదు నిమిషాలు నడిపి ఉంచే అలవాటుకైతే ఈ దేశంలో ఏ కారణమూ లేదు. డిసెంబరు తెల్లవారుజామున కూడా మస్కట్‌లో చలి ఇంజిన్‌కు ఒక లెక్క కాదు, మెల్లగా నడపడమే దానికి తగిన వేడిమి.

పట్టణంలో మైలేజీ కుడికాలి మీద ఆధారపడుతుంది. పొద్దున సీబ్ నుంచి రువీ వైపు సుల్తాన్ ఖాబూస్ వీధిలో, బుర్జ్ అల్ సహ్వా దగ్గర బండ్లు ముందుకు ఉరికి, వెంటనే బ్రేకు వేసి, మళ్లీ ఉరుకుతుంటాయి. బ్రేకు వేసినప్పుడల్లా అప్పటిదాకా పెట్రోలు కాల్చి సంపాదించిన వేగం వేడిగా మారి పోతుంది. రద్దీలో ఇలాంటి దూకుడు మైలేజీని 10 నుంచి 40 శాతం దాకా తగ్గిస్తుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. రౌండ్‌అబౌట్ దూరం నుంచి కనబడగానే యాక్సిలరేటర్ వదిలేస్తే ఆధునిక ఇంజిన్‌లో ఇంజెక్టర్లు పెట్రోలు చల్లడమే ఆపేస్తాయి, బండి గేరులో ఉన్నంతవరకు. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు మళ్లీ కావాలి. వాలులో న్యూట్రల్ వేసుకుని దిగడం కార్బ్యురేటర్ల కాలపు పొదుపు, ఆ కాలంతోనే దాని ప్రయోజనం పోయింది. ఆమెరాత్ నుంచి బౌషర్ వైపు దిగే కొండ రోడ్డులో గానీ, బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను మాత్రమే పైకి పంపే జెబెల్ అఖ్దర్ దారిలో గానీ ఆ పని చేస్తే బ్రేకులు కాలిపోతాయి. బ్రేకులు పట్టని బండ్ల కోసం ఆ దారి పక్కన మట్టి వాలులు కట్టి ఉంచారంటే అది ఎంత నిజమైన ప్రమాదమో తెలుస్తుంది. తక్కువ గేరులో దిగితే బ్రేకులూ మిగులుతాయి, పెట్రోలూ మిగులుతుంది.

పోషణ విషయానికి వస్తే, ఒక తేడా గుర్తుంచుకోవాలి. మంచి నడక మైలేజీని పెంచుతుంది, మంచి పోషణ దాన్ని పడిపోకుండా కాపాడుతుంది. టైర్ల గాలినే చూద్దాం. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ తగ్గేది సుమారు 0.2 శాతమే. పొదుపు కోసమే అయితే ఇది చిన్న సంగతి. అయినా ఒమన్‌లో గాలి చూసుకోకపోవడం క్షమించరాని అశ్రద్ధ, ఎందుకంటే గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, కాలే తారు మీద 120 వేగంలో అది పగిలితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. కాబట్టి డ్రైవరు తలుపు పక్కన రాసి ఉన్న అంకెకు పొద్దున్నే, బండి కదలకముందు సరిచూసుకోవాలి. మధ్యాహ్నం వంద కిలోమీటర్లు నడిచాక ఎక్కువ చూపించిందని గాలి తీసేయడం తప్పు. షర్ఖియా ఇసుక తిన్నెల్లోకి వెళ్లేవారు గాలిని 15–18 పీఎస్‌ఐకి దించుకుంటారు, ఇసుకలో అది అవసరం. తిరిగి బిదియా దగ్గర తారు రోడ్డు ఎక్కేముందే మళ్లీ నింపుకోవాలి, మస్కట్ చేరాక చూద్దామనుకోకూడదు. రాళ్ల వాదీల్లో (ఎండిన వాగుల్లో) తిరిగొచ్చిన బండికి వీల్ అలైన్‌మెంటు కూడా చూపించాలి. చక్రాలు పక్కకి లాగుతుంటే టైర్లు అరిగిపోతాయి, ఇంధనమూ వృథా అవుతుంది.

ఎయిర్ ఫిల్టరు గురించి ఉన్న నమ్మకాన్ని కొంచెం సవరించుకోవాలి. దుమ్ము పట్టిన ఫిల్టరు మైలేజీని బాగా తగ్గిస్తుందన్నది కార్బ్యురేటర్ బండ్లకు నిజం. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఇంధన ఇంజెక్షన్ కార్లను పరీక్షించి, మూసుకుపోయిన ఫిల్టరు వల్ల మైలేజీ తగ్గలేదనీ, వేగం అందుకోవడం మాత్రం మందగించిందనీ తేల్చింది. లోపలికి వచ్చే గాలిని కొలిచి, కంప్యూటరు పెట్రోలును అందుకు తగ్గట్టు తగ్గిస్తుంది. దుమ్ముగాలులు వీచే ఒమన్‌లో ఫిల్టరు మార్చవలసిందే, కాకపోతే ఇసుక రేణువుల నుంచి ఇంజిన్‌ను కాపాడడానికి. అదే కంప్యూటరుకు తప్పుడు సమాచారం వెళితే మాత్రం నష్టం భారీగా ఉంటుంది: పాడైన ఆక్సిజన్ సెన్సర్ బాగు చేయిస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంటే నెలల తరబడి అలాగే తిరిగే అలవాటు చాలా ఖరీదైనది. ఇంజిన్ ఆయిల్ విషయంలో గల్ఫ్ గ్యారేజీల్లో చిక్కటి రకం పోయమని సలహా వినిపిస్తుంది, వేడి దేశం కదా అని. నిజానికి ఆడుతున్న ఇంజిన్ లోపలి వేడిమిని కూలెంట్, థర్మోస్టాట్ అదుపులో ఉంచుతాయి. కంపెనీ మాన్యువల్ ఈ వాతావరణానికి ఏ రకం చెబితే అదే పోయాలి. అనవసరంగా చిక్కటిది పోస్తే ఒకటి రెండు శాతం మైలేజీ పోతుంది. పెట్రోలు రకానికీ ఇదే సూత్రం. మాన్యువల్‌లో 91 ఆక్టేన్ చాలని రాసి ఉంటే ఎం-95 పోయించినందువల్ల మైలేజీ పెరగదు. 95 కావాలని రాసి ఉంటే పది బైసాలకు ఆశపడి 91 పోయించకూడదు, ముఖ్యంగా వేసవిలో: ఇంజిన్ నాకింగ్ నుంచి తనను తాను కాపాడుకోడానికి స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుకుంటుంది, శక్తీ మైలేజీ రెండూ తగ్గుతాయి. ఇక ట్యాంకులో పోసే సీసా మందులు, ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతాలు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి వంద పైచిలుకు సాధనాలను పరిశీలించింది, మైలేజీని చెప్పుకోదగినంత పెంచేది ఒక్కటీ కనబడలేదు. తెల్లవారుజామున పెట్రోలు చిక్కగా ఉంటుంది, అప్పుడే పోయించాలన్న వాట్సాప్ సలహా కూడా అలాంటిదే. బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, రాత్రికీ పగటికీ వాటి వేడిలో తేడా అతి స్వల్పం.

బండి మీద ఉన్న అదనపు సామగ్రిని తీసేయడం కొద్దిమందే చేసే పని, అయినా ఫలితం స్పష్టం. శీతాకాలంలో గుడారాల కోసం ఎస్‌యూవీల పైన బిగించే పెట్టెలు, క్యారియర్లు ఏడాదంతా అలాగే ఉండిపోతాయి. హైవే వేగంలో పైపెట్టె ఒక్కటే 10 నుంచి 25 శాతం దాకా మైలేజీని మింగగలదు. రాళ్ల దారుల కోసం వేసే గరుకు టైర్లకు రాపిడి ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు కొండెక్కే బండికి అవి రోజూ భారమే. డిక్కీలో మరచిపోయిన సామాను 45 కిలోలు ఉంటే నష్టం ఒక శాతం లెక్కన ఉంటుంది.

హైబ్రిడ్ కారు కొంటే ఈ లెక్కలన్నీ ఎందుకు అనేవారున్నారు. రద్దీలో హైబ్రిడ్ గొప్పది, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని కొంత బ్యాటరీలోకి తీసుకుంటుంది. కానీ తిన్నగా 120తో సాగే రోడ్డులో బ్రేకే పడదు, గాలి అడ్డు ఆ కారుకూ ఇదే. పైగా ఒమన్‌లో చాలామంది తెలుగువారు నడిపేది సొంత కారు కాదు, కంపెనీ ఇచ్చిన పికప్. పెట్రోలు కార్డు కంపెనీది, కాలు డ్రైవరుది. మిగిలినదానిలో ఒక్క బైసా అతనికి రానప్పుడు అతని నుంచి పొదుపు ఆశించడం న్యాయం కాదు. చమురు సంస్థ పెట్రోలియం డెవలప్‌మెంట్ ఒమన్ తన బండ్లలో, కాంట్రాక్టర్ల బండ్లలో వేగాన్ని, గట్టి బ్రేకులను, ఒక్కసారిగా ఉరకడాన్ని నమోదు చేసే పరికరాలు పెట్టిస్తుంది. ఫహూద్, మర్మూల్ చమురు క్షేత్రాల దారుల్లో పనిచేసేవారికి అవి బాగా తెలుసు. వాటిని పెట్టింది ప్రాణాల కోసం. అయినా ఆ పరికరం తప్పులుగా నమోదు చేసే మూడు పనులూ పెట్రోలును తగలేసేవే. ప్రాణరక్షణ కోసం ఇప్పటికే పోగవుతున్న ఈ వివరాలను ఇంధన ఖర్చుతో కలిపి చూసి, ఆదాలో కొంత వాటా డ్రైవరుకు ఇచ్చే యజమాని రెండు లాభాలు పొందుతాడు. పొదుపుగా నడపడంలో ఒకసారి ఇచ్చిన శిక్షణ ఫలితం కాలంతో కరిగిపోతుందని ఇతర దేశాల అనుభవం. నెలనెలా అంకె కళ్ల ముందుంటే, దానిలో తన వాటా ఉంటే, అది నిలుస్తుంది.

సొంత కారుకు ఆ అంకె తెలుసుకోవడం సులభమే. ట్యాంకు నిండా పోయించి, పంపు దానంతట అది ఆగినప్పుడు ఆపి, ట్రిప్ మీటరును సున్నా చేయాలి. మళ్లీ పోయించే రోజున అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే నింపి, పోసిన లీటర్లను వందతో గుణించి తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే వందకు ఎన్ని లీటర్లో వస్తుంది. ఒక్క ట్యాంకు లెక్కను నమ్మకూడదు. నాలుగైదు ట్యాంకుల సగటు చూడాలి. జూలై అంకెను జూలైతోనే, జనవరి అంకెను జనవరితోనే పోల్చాలి, లేకపోతే ఏసీ చేసిన తేడాను గ్యారేజీ ఖాతాలో వేస్తాం. ఒక నెల హైవే మీద 120తో, మరో నెల 105తో నడిపి చూస్తే, మీ బండి విషయంలో వేగం ఖరీదెంతో మీ లెక్కే చెబుతుంది. సగటు ఏ కారణమూ లేకుండా పదో వంతుకు మించి పెరిగితే మొదట టైర్ల గాలి, ఆ తర్వాత చక్రాలకు పట్టేసిన బ్రేకులు, ఆ తర్వాత ఇంజిన్ దీపం, ఈ వరుసలో చూపించాలి.